పలకలే పట్టీలు

వడ్రంగి నూకరత్నం పనిపుస్తకం. ఏడో వాడ. మనం వచ్చిన నలభై మూడో ఏడు.

గాలికి 41 రోజులు

ఓడలో మిగిలిన ఆఖరి ఇనుప పట్టీని ఇవాళ కోసేశారు. నేనే వెళ్ళి చూసి వచ్చాను. మా తాతలు ఈ లోకానికి ఎక్కి వచ్చిన ఓడ ఉండాల్సిన చోట ఎర్రమట్టిలో ఒక పొడుగాటి గుంట ఉంది, అంతే. ఇన్నేళ్ళూ దాన్ని కోసుకునే బతికాం. గిన్నెలయింది, గునపాలయింది, ఏడు వాడల్లో ప్రతి గోడలోనూ మూల నుంచి మూలకి ఏటవాలుగా బిగించిన పట్టీ అయింది. ఆ పట్టీ ఉండబట్టే పెనుగాలి తోసినప్పుడు ఇల్లు పక్కకి ఒరిగిపోకుండా నిలబడుతోంది.

ఆఖరిది నాకు దక్కలేదు. నాలుగో వాడ బడికి ఇచ్చారు. పిల్లల బడి మీద కుళ్ళుకోలేం కదా, అందుకని ఇంటికొచ్చి మా వదిన మీద అరిచాను.

"అరిసేసినావా? అయితే కాళ్ళు కడుక్కుని తిను," అంది దాలమ్మ వదిన.

ఇల్లంటున్నాను గానీ మేముంటున్నది పనిముట్ల కొట్టం. పాత ఇంట్లో పట్టీ తుప్పు పట్టి తెగి, మూడేళ్ళ కిందటి గాలికి ఆ ఇల్లు పడిపోయింది. అప్పటినుంచి గాలి వీచే డెబ్బై రోజులూ మేమిద్దరం ఇల్లు లేనివాళ్ళతో పాటు సొరంగంలో ఉంటున్నాం. నాకు ఫరవాలేదు. వదినకి ఉబ్బసం. కిందటేడు యాభై ఎనిమిదో రోజున సొరంగం దుమ్ముకి ఊపిరందక పెదాలు నల్లబడ్డాయి. ఎలాగో బతికించి, గాలి తగ్గాక మంచం మీద బయటికి మోసుకొచ్చారు. "మళ్ళీ దింపితే పైకి తేవడం నా వల్ల కాదు," అని వైద్యుడు నా మొహం మీదే చెప్పాడు. ఇంకెవరింట్లోనైనా పెడదామంటే, గాలి రోజుల్లో తలుపులు బిగించుకున్న ఇంట్లో పేరున్నవాళ్ళకే నీళ్ళూ ఊపిరీ సరిపోతాయి.

కొత్త ఇంటికి కర్రల చట్రం నిలబెట్టి నెల అయింది. పట్టీ లేనిదే ఇంటికి అనుమతి లేదు. ఈ లోకంలో నిటారుగా పెరిగే చెట్టు ఒక్కటీ లేదు, గాలి పెరగనివ్వదు. ఎనిమిదడుగుల నిలువు కర్రలు ఏరి ఏరి తెచ్చాను. ఏటవాలుగా వెయ్యడానికి పదకొండడుగుల కర్ర ఎక్కడినుంచి తేను? రెండు ముక్కలు అతికి చూశాను, అతుకు దగ్గరే పుటుక్కుమంది.

సన్యాసినాయుడు గారూ, వారం వారం ఈ పుస్తకం చదివే గోడల తనిఖీదారు మీరే కాబట్టి మీకే చెబుతున్నాను. నేనేమీ చేతులు ముడుచుకుని కూర్చోవడం లేదు.

గాలికి 39 రోజులు

దొరికింది! పొద్దున్నే దొరికింది, పళ్ళు తోముకోకుండానే రాస్తున్నాను.

నాలుగు పుల్లలు తీసుకుని మూలల్లో ఒక్కో చీల కొట్టి చదరం చేశాను. వేలితో తోస్తే చదరం కాస్తా వాలిపోయింది. గాలిలో ఇల్లు పడేది ఇలాగే. తర్వాత దాని మీద పల్చటి చెక్కపొర పరిచి, చుట్టూ గుండుసూదులు గుచ్చాను. తోశాను. కదల్లేదు. రెండు చేతులతో తోశాను. మోకాలు పెట్టి నొక్కాను.

"వదినా! తొయ్యి దీన్ని!"

వదిన తోసింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇందులో పట్టీ ఏదే?" అంది.

"లేదు! ఈ పొరే పట్టీ! చదరం వాలాలంటే ఒక మూల నుంచి ఎదురు మూలకి దూరం సాగాలి. పొర సాగదు కదా, ఎలా వాలుతుంది?"

"మరి మన గోడల మీద ప్లైవుడ్డు ఎప్పటినుంచో కొడతన్నారు కదే?"

అక్కడే ఉంది అసలు సంగతి. కొడుతున్నాం, దుమ్ము లోపలికి రాకుండా కొడుతున్నాం. మూలకొక మేకు, మధ్యలో రెండు, తర్వాత ఊడదీసి వాడుకోవడానికి తలలు పైకి వదిలేసి మరీ. దాని చేత పని చేయించాలని ఎవరికీ తోచలేదు. ఇనుము చేస్తోంది కదా అని అందరం హాయిగా ఉన్నాం.

గాలికి 36 రోజులు

ప్లైవుడ్ మిల్లుకి వెళ్ళాను. ఖాసిం చెట్టు మొద్దుని తిప్పుతూ పొర ఒలుస్తున్నాడు. మొద్దు వంకరదైనా పొర తిన్నగా వస్తుంది. ఒక పొర నిలువు, దాని మీద ఒక పొర అడ్డం, జిగురు రాసి అచ్చులో నొక్కుతాడు.

"అక్కా, నీకు దుమ్ము పలకే కదా? మూడు పొరలు చాలు."

"ఐదు పొరలు. నాలుగడుగులు వెడల్పు, ఎనిమిదడుగులు ఎత్తు. పద్దెనిమిది పలకలు."

"ఐదు పొరలా? దాన్తో ఏం చేస్తావక్కా, పడవ కడతావా?"

చెప్పాను. యంత్రం ఆపేసి వచ్చి నా పుల్లల చదరాన్ని తోసి చూశాడు. తర్వాత మిల్లులో ఉన్నవాళ్ళందరినీ పిలిచి తోయించాడు. ఒకాయన అయితే దాని మీద ఎక్కి నిలబడ్డాడు. పుల్ల విరిగింది గానీ చదరం వాలలేదు. ఖాసిం మొహం చూడాలి మీరు. వాళ్ళ మిల్లు ఇన్నాళ్ళూ ఇంటికి చొక్కా కుట్టే దుకాణం. ఇప్పుడు ఎముకలు తయారుచేసే చోటవుతుంది!

గాలికి 35 రోజులు

నాయుడు గారూ, ఇవాళ మనం మాట్లాడుకున్నది నేను రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి.

మీరన్నది: "సూడమ్మా, పుల్లలు ఏరు, ఇల్లు ఏరు. బొమ్మని సూసి సంతకం పెట్టేస్తే, రేపు గాల్లో మనుషులు పోతే నేనేటి సెప్పాల?"

నేనన్నది: "బొమ్మని చూసి వద్దు. గోడనే లాగి చూడండి."

మీరు గడ్డం గోక్కున్నారు. గోడ పై చట్టానికి, అంటే నిలువు కర్రల తలలు కలిపే అడ్డకర్రకి, తాడు కట్టి లాగుడు యంత్రంతో రెండున్నర టన్నులు లాగుతాననీ, పై అంచు అరంగుళానికి మించి కదలకపోతే సంతకం పెడతాననీ అన్నారు. నేను ఎగిరి గంతేశాను. యాభై ఏళ్ళ మనిషి ముందు గంతెయ్యకూడదని వదిన తర్వాత తిట్టింది.

గాలికి 23 రోజులు

పలకలు వచ్చాయి. ఎనిమిది రోజుల్లో నాలుగు గోడలూ కప్పేశాను.

ఇనుప పట్టీకి ఎనిమిది మేకులు సరిపోయేవి. పలకకి అలా కాదు. ప్రతి అంచూ ఏదో ఒక కర్ర మీద పడాలి. అంచు వెంట ఆరంగుళాలకొక మేకు, మధ్య కర్ర మీద అడుగుకొక మేకు. మేకు తల పలకని తాకాలి, దాన్ని చీల్చుకుని లోపలికి పోకూడదు. చీలిస్తే ఐదు పొరల్లో ఒకటి పోయినట్టే. పలకకీ పలకకీ మధ్య గోరు దూరేంత సందు వదిలాను, తేమకి ఉబ్బితే ఒకదాన్నొకటి నెట్టుకోకుండా. కిటికీలు రెండే పెట్టాను, అవి కూడా గోడ మధ్యలో. మూలల దగ్గర నిండు పలక ఉండాలని.

మూడో రోజు నుంచి వీధిలో వెళ్ళేవాళ్ళంతా ఆగి గోడని తోసి పోతున్నారు. తోసి, నవ్వి, మళ్ళీ తోసి పోతున్నారు. నా చట్రం నెల రోజులుగా ఎవరు ఆనుకున్నా కిర్రుమనేది. ఇప్పుడు వీపుతో గుద్దినా చప్పుడు లేదు. అన్నం కూడా ఆ గోడకి ఆనుకునే తింటున్నాను.

గాలికి 20 రోజులు

పోయింది.

వాడంతా వచ్చింది. ఖాసిం మిల్లు కట్టేసి మరీ వచ్చాడు. లాగుడు యంత్రం ముల్లు అర టన్ను దాటింది, ఒకటి దాటింది, గోడ చలించలేదు. నేను ఈల వేశాను. ఒకటిన్నర దగ్గర ఠప్పుమని చప్పుడు, వెంటనే వరసగా ఠపఠపమని. పై అంచు మూడంగుళాలు జరిగిపోయింది. నాయుడు గారు చెయ్యెత్తి యంత్రం ఆపించారు.

ఆయన తన పుస్తకంలో ఒక గీత గీశారు. తిట్టినా బాగుండేది.

వదిన నా పక్కనే నిలబడి ఉంది. "పోన్లే, సొరంగానికే పోదాం," అంది. అలా అంటున్నప్పుడే ఆమె గుండెల్లో పిల్లికూతలు వినబడ్డాయి నాకు. కొట్టంలోకి వచ్చి బోర్లా పడుకుని ఏడ్చాను. అవును, ఏడ్చాను, అదీ రాస్తున్నాను.

గాలికి 19 రోజులు

నేనొక మొద్దుని! పచ్చి మొద్దుని! ఎవరైనా వచ్చి నా నెత్తిన రెండు మొట్టండి!

పొద్దున విరిగిన గోడ ఊడదీద్దామని వెళ్ళాను. మూలమట్టం పెట్టి చూశాను. చదరం చదరంగానే ఉంది! గోడ వాలలేదు. పలకలూ, కర్రలూ, పై చట్టమూ అన్నీ కలిసి ఒకే చెక్కలా మారి, కింద పునాది మీద పరిచిన అడుగు చట్టం మీద నుంచి మొత్తంగా జరిగిపోయాయి. ఊడినవి నిలువు కర్రల పాదాలు మాత్రమే. పలకల మీద నేను కొట్టిన మేకుల్లో ఒక్కటీ వదల్లేదు.

మరి పలక అడుగు అంచు చట్టాన్ని ఎందుకు పట్టుకోలేదు? నేను అక్కడ మేకులు కొట్టలేదు కాబట్టి!

మన ఊళ్ళలో ఏ వడ్రంగీ కొట్టడు. అడుగు వరుస ఇంటివాళ్ళది. తాతలు ఓడ దిగి మొదటి ఇల్లు కట్టినప్పటినుంచీ అంతే, గృహప్రవేశం నాడు ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళే తలా కొన్ని మేకులు కొట్టి లోపలికి అడుగుపెడతారు. ముప్పై ఇళ్ళు కట్టాను, ముప్పై ఇళ్ళకీ ఆ వరుస వదిలేశాను. పట్టీ ఉన్న ఇళ్ళకి అదొక వేడుక. పట్టీయే పై చట్టం నుంచి అడుగు చట్టం దాకా పట్టుకునేది కాబట్టి, కొట్టినా కొట్టకపోయినా ఒకటే. నా గోడకి మాత్రం ఆ వరుసే ప్రాణం. గాలి బరువంతా పలకలోంచి దిగి నేలకి చేరాల్సింది అక్కడినుంచే.

చేతికి పట్టిన అలవాటు బుర్రని అడగలేదు. వదినకి చెబితే నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

గాలికి 18 రోజులు

కర్రల పాదాలు మార్చాను. నాయుడు గారి దగ్గరికి పరిగెత్తాను. ఇక అక్కడ ముడి పడింది.

అడుగు వరుస కొట్టారంటే ఇల్లు చేరినట్టు. ఇల్లు చేరినవాళ్ళ చోటు సొరంగంలో ఆ రోజే వేరేవాళ్ళకి పోతుంది. ఈ ఏడు తూర్పు సొరంగం కూలింది, చోటు కోసం ఇరవై రెండు పేర్లు కాచుకుని ఉన్నాయి. వరుస కొట్టాక గోడ పరీక్షలో పోతే మాకు ఇల్లూ ఉండదు, సొరంగమూ ఉండదు.

"మేకులు కొట్టి, పరీక్షయ్యాక పీకేస్తానండీ," అన్నాను.

"పీకితే పలక అంచంతా బొక్కలు పడిపోవా? మళ్ళీ కొడితే అది నేను లాగి సూసిన గోడ కాదు కదమ్మా."

"పోనీ ఇంకో వడ్రంగి చేత..."

"ఒకరింటి అడుగు వరుస ఇంకొకరు ముట్టుకుంటారేటి? ఎవులొస్తారు?"

నిజమే, ఎవరూ రారు. నేనే రాను.

"రూలు మార్చడం నా సేతిలో నేదు," అన్నారాయన. గడ్డం గోక్కుని, "వొద్దమ్మా. సొరంగంలోనే తలుపు కాడ గాలొచ్చే సోటు సూత్తాను మీ వదినకి," అన్నారు. ఆయన మంచివాడు. మంచివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం చాలా కష్టంగా ఉంటుంది.

వదినకి చెబుతూ, వద్దనే చెబుదామనుకున్నాను. నా గోడ మీద నాకు నమ్మకమే, కానీ మొన్న కూడా ఇంతే నమ్మకం ఉంది కదా. అక్కడ పోయేది నా ప్రాణం ఒక్కటే కాదు.

వదిన వింది. "ఆ గోడ సదరంగానే ఉందన్నావు. నిజమేనా?"

"నిజమే. మూలమట్టం పెట్టాను."

"మరింకేటి? సుత్తి ఇటివ్వు."

"వదినా, పోతే చోటు ఉండదు."

"ఒలే, ఆ సొరంగం సోటు నాకెందుకే? అందులోకి దిగితే నాను పైకి రానని వైద్యుడు సెప్పనేదా? నీకయితే అక్కర. నువ్వు కొట్టొద్దు. నా ఒక్కద్దాని పేరే పోద్ది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అన్న పోయిన నాలుగేళ్ళనుంచి ఒకే కంచంలో తింటున్నాం, ఇప్పుడు నా పేరూ నీ పేరూ అంటుందా? వీధంతా వినబడేలా అరిచాను. ఆమె ఎప్పటిలాగే వింది. అరవడం అయ్యాక రెండు సుత్తులు తీశాను.

గాలికి 17 రోజులు

పొద్దున మొదలుపెట్టాం. అడుగు వరుసలో నాలుగంగుళాలకొక మేకు చొప్పున ఇల్లు చుట్టూ రెండు వందల పదహారు మేకులు. మొన్న దెబ్బ తిన్నాను కదా, ఇక్కడ ఆరు కాదు, నాలుగే. మూలల దగ్గర పునాదిలోకి దిగే బోల్టులు రెండేసి.

వదిన నాలుగు మేకులు కొట్టి ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ నాలుగు కొడుతుంది. మొదట్లో మేకులు వంకర పోయాయి, తర్వాత దారికొచ్చాయి. నేను ఆమె వైపు చూడకుండా నా వైపు కొట్టుకుంటూ పోయాను, చూస్తే చేతిలోంచి సుత్తి లాక్కుంటానని. గుమ్మం పక్కన ఆఖరి మేకు ఆమెదే. అది కొట్టగానే సొరంగం గుమాస్తా మా రెండు పేర్లూ కొట్టేసి, కింద వేరే రెండు పేర్లు రాశాడు. పెన్ను కదలడం ఎంతసేపో పట్టలేదు.

తాడు కట్టారు. నాయుడు గారు అందరినీ వెనక్కి జరగమన్నారు. వదిన ఇంట్లోకి వెళ్ళి నేల మీద చతికిలబడింది.

"బయటకి రామ్మా! లాగబోతన్నాం!"

"ఇల్లు సేరినోళ్ళం బాబూ, ఇంట్లోనే ఉంటాం! లాగండి!"

నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇంకేం చేస్తాను?

లోపలి నుంచి ముల్లు కనబడదు. ఖాసిం బయటినుంచి అరిచి చెబుతున్నాడు. అర. ఒకటి. ఒకటిన్నర అనగానే వదిన నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. ఠప్పు వినబడలేదు. రెండు! చట్రం ఒక్కసారి సన్నగా మూలిగింది, పలకలు బిగుసుకున్నాయి. వీపు ఆనించిన గోడలో ఆ బిగింపు నాకు తెలిసింది. రెండున్నర!

అక్కడితో ఆపుతారనుకున్నాం. తర్వాత నాయుడు గారి గొంతు: "ఆపకండి. ఇంకొంచెం లాగండి."

మూడు టన్నుల దగ్గర తాడు తెగింది. గోడ కాదు, తాడు! యంత్రం దగ్గరున్న నలుగురూ వెల్లకిలా పడ్డారు. బయటికి పరిగెత్తి చూస్తే నాయుడు గారు పై అంచు దగ్గర నిచ్చెనెక్కి కొలబద్ద పట్టుకుని ఉన్నారు. కొలిచారు. మళ్ళీ కొలిచారు. "పావంగుళం," అన్నారు. నిచ్చెన దిగి, సంతకం పెట్టకుండా, ముందు గోడని ఒకసారి తోశారు. ఆయనా తోశారు!

వాడంతా గోల. ఖాసిం ఎవరినో ఎత్తుకుని తిప్పుతున్నాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. సాయంత్రానికల్లా నా కొట్టం ముందు పదకొండు కుటుంబాలు నిలబడ్డాయి, పలకలెన్ని కావాలి, మేకులెన్ని కావాలి అంటూ. పదిహేడు రోజుల్లో పదకొండు ఇళ్ళు! మరుక్షణమే సరేనన్నాను. ఇద్దరు వడ్రంగులకి మేకుల వరుసలు నేర్పుతున్నాను. మొదటి పాఠం అడుగు వరుసే.

గాలి, తొమ్మిదో రోజు

పదకొండూ కాలేదు, తొమ్మిది అయ్యాయి. మిగిలిన ఇద్దరూ నన్ను ఇంకా తిడుతున్నారు, తిట్టనీ. వచ్చే ఏడు వాళ్ళవే ముందు.

బయట ఏమీ కనబడడం లేదు, ఎర్రటి దుమ్ము తప్ప. గాలి చప్పుడుకి మాట వినబడదు. గోడ వాలు తెలియడానికి తగిలించిన దారపు గుండు నిన్న పావంగుళం కదిలింది, ఇవాళా అంతే. పలకలు గాలికి బిగుసుకుని, మళ్ళీ సడలుతున్నాయి. తొమ్మిది ఇళ్ళూ నిలబడే ఉన్నాయని సొరంగం నుంచి ఇళ్ళకి వేసిన మాటల తీగ మీద కబురు వచ్చింది. నా గోడలు! అని గట్టిగా అరిచాను. ఎవరికీ వినబడలేదు, బాగుంది.

రోజూ మధ్యాహ్నం హోరు కాస్త తగ్గినప్పుడు నాయుడు గారు సొరంగంలోంచి తీగ మీద మాట్లాడి గుండు ఎంత కదిలిందో రాసుకుంటున్నారు. ఇవాళ చెబుతుంటే మధ్యలో ఆపేశారు.

"ఆ సద్దేటమ్మా? కర్ర కిర్రుమంటన్నట్టుంది. గోడేనా?"

వెనక్కి తిరిగి చూశాను. దాలమ్మ వదిన అన్నం తిని చాప మీద పడుకుంది. సొరంగంలో ఈమె డెబ్బై రోజులూ గోడకి చేరగిలబడి, కూర్చునే కునుకు తీసేది. వాలితే ఊపిరాడేది కాదు. ఇప్పుడు వెల్లకిలా, కాళ్ళూ చేతులూ బార్లా చాపుకుని, నోరు తెరుచుకుని ఉంది.

"గోడ కాదండీ," అన్నాను. "మా వదిన గురక."

తీగలో అటువైపు పుస్తకం మూసిన చప్పుడైంది.

"లేపకమ్మా," అన్నారు నాయుడు గారు. "గుండు లెక్క రేపు సెబుదువుగాని."